చంద్రప్ప చార్జీలు మాఫ్ చేయించిన ముచ్చట

"నేను చేసింది పెద్ద పనేం కాదు చెల్లె. ఒక్క మాట అడిగిన. గంతే. ఇగ లోకమే దాన్ని పెద్దగ చేసి చెప్పుకుంటున్నది గాని, నేనైతే ఎవ్వలకు చెప్పలె."

అంటూ చంద్రప్ప చాయ్ గ్లాసు బల్ల మీద పెట్టి, ఎవ్వరికీ చెప్పని ఆ ముచ్చట చెప్పడానికి వీలుగా రెండు కాళ్ళూ పైకి ముడుచుకుని కూర్చున్నాడు.

జహీరాబాద్‌లో హైవే పక్కన గురులింగప్ప చాయ్ హోటల్ అది. రోడ్డుకు అవతల బండ్ల షోరూం. దాని షట్టర్ ఇంకా సగమే లేచి ఉంది. ఆ షట్టర్ మీదే కన్నేసి కూర్చున్నది దేవమ్మ. మొగుడంపల్లి అవతల పల్లె ఆమెది. పొద్దున్నే కూరగాయల గంపలు మార్కెట్‌లో దింపి ఇటు వచ్చింది. రోజూ అమ్మిన దాంట్లో సగం ఆటో కిరాయికే పోతున్నదని, చిట్టీ ఎత్తిన పైసలతో సామాన్లు పెట్టుకునే మోపెడ్ కొందామని ఆమె ఆశ. మొన్న ఒక్కతే షోరూంకు పోతే, కుర్చీలో కూర్చోబెట్టి ఒక రేటు చెప్పారు. లేచి కౌంటర్ దగ్గరికి పోయేసరికి అది ఇంకో రేటయింది. ఎందుకు పెరిగిందని అడిగితే, "నీకు చెప్పినా సమజ్ కాదమ్మా, సంతకం పెట్టు" అన్నాడు అక్కడి సేల్స్ ఆయన. పెట్టకుండా లేచి వచ్చింది గాని, ఆ మాట మాత్రం ఆమె వెంటే ఇంటికొచ్చి ఇంకా పోలేదు.

ఆ మరునాడే మార్కెట్‌లో విన్నది. సాల్మన్ బిడ్డ ప్రవీణకు చంద్రప్ప దగ్గరుండి అన్ని చార్జీలూ మాఫ్ చేయించి బండి ఇప్పించాడని. ఆ మాట ఎవరు చెప్పారని తీగ లాగి ఉంటే చివరికి చంద్రప్పే తేలేవాడు. ఆమె లాగలేదు. నేరుగా వచ్చి, "అన్నా, నాతోని ఒక్కసారి షోరూంకు రావాలె" అన్నది. ఆయన, "రాకేం చెల్లె, తెరవనియ్యి, గంతల చాయ్ తాగుదాం" అన్నాడు.

"ఏం అడిగినవ్ అన్నా?" అన్నది దేవమ్మ ఇప్పుడు.

"చెప్త విను. సాల్మన్ బిడ్డకు రాయికోడ్ దవాఖానల నర్సు నౌకరి దొరికింది. రోజు బస్సుకు పోవుడు కష్టం, బండి కావాలె. సాల్మన్ నా దగ్గరికొచ్చి 'చంద్రప్పా, నువ్వొస్తె నాకు ఫికర్ లేదు' అన్నడు. సరే అని పోయిన. నేను లోపల అడుగు పెట్టిన్నో లేదో, ఏసీ ఆగిపోయింది. ఎందుకో తెలుసా? నన్ను చూసి."

"కరెంటు పోయిందేమో" అన్నాడు సాయన్న. ఆయన ఆటో నడుపుతాడు. రోజూ ఈ బల్ల మీదే కూర్చుని చంద్రప్ప ముచ్చట్లు వింటాడు కాబట్టి ఎక్కడ ఎంత నమ్మాలో ఆయనకు ఒక లెక్క ఉంది.

"లైట్లు ఎలుగుతున్నయ్ సాయన్నా. ఏసీ ఒక్కటే ఆగింది. సరే, దాన్ని ఇడిచిపెట్టు. మేనేజర్ మదన్‌మోహన్ లేడా, మెడకు టై, నెత్తికి నూనె, ఆయన గబగబ వచ్చి మా ముందల ఒక కాయితం పెట్టిండు. మీద బండి రేటు. బాగనే ఉన్నది. కిందికి చూద్దును గద, తోక! ఎంత చదివినా ఒడుస్తలేదు. బండికి తోక లేదు గాని కాయితానికి తోకున్నది. అండ్ల మొట్టమొదటిది, హ్యాండ్లింగ్ చార్జీ."

"అగొ, నాకు గూడ అదే చెప్పిన్రు!" దేవమ్మ ముందుకు జరిగింది. "గదేందన్నా అసలు?"

"నేను గూడ గదే అడిగిన. నెమ్మదిగ. గొంతు లేపకుంట. 'సార్, హ్యాండ్లింగ్ అంటె ఏంది?' అన్న. 'అంటె సార్, మా మనుషులు బండిని చేతులతోని జాగ్రత్తగ పట్టుకోని మీ దాక చేరుస్తరు' అన్నడు. 'మా దాక అంటె, సాల్మన్ ఇంటి దాక గద?' అన్న. ఆలోచించకుంట 'అవును సార్' అన్నడు. దొరికిండు! ఆడ దొరికిండు చెల్లె. 'అయితె పట్టుర్రి' అన్న. 'చేతులతోని పట్టుర్రి. చక్రం నేలకు తాకొద్దు. తాకిందో, చార్జీ మాఫ్.'"

"ఇంత మాట అన్నవా!" దేవమ్మ కళ్ళు మెరిశాయి.

"అన్న. మరి పైసలు తీస్కునేటోడు పని చెయ్యాలె గద. మదన్‌మోహన్ చెమటలు తుడుచుకోని అందర్ని పిలిచిండు. సేల్స్‌వాళ్ళు, మెకానిక్‌లు, కౌంటర్ కాడ కూసునే మేడం, ఆఖరికి వాచ్‌మన్ తాత గూడ, అందరు కలిసి బండిని భుజాల మీదికి ఎత్తిన్రు. హైవే మీదికొచ్చినం. బీదర్ బస్సు ఆగింది. కండక్టర్ దిగి ఏ దేవుని పల్లకో అని చెప్పులిడిచి మొక్కిండు. ఒక ముసలవ్వ ఉరికొచ్చి ముందల చక్రం కింద కొబ్బరికాయ కొట్టింది. అటు ఎవ్వలదో పెండ్లి పోతుండె, బ్యాండోళ్ళు పెండ్లిపిల్లగాణ్ణి గుర్రం మీదనే ఇడిచిపెట్టి మా ఎన్క పడ్డరు. నాకేమో ఎండకు కాళ్ళు గుంజుతున్నయ్. సరే అని నేను గూడ బండెక్కి కూసున్న."

"మోస్తున్న బండి మీదనా?" అన్నాడు గురులింగప్ప, పాలు పొంగుతున్నా చూసుకోకుండా.

"మరి కింద ఉన్న బండి ఎవ్వడన్న ఎక్కుతడు."

సాయన్న గ్లాసు కిందపెట్టి అడిగాడు. "చంద్రప్పా, సాల్మన్ ఇల్లు షోరూం ఎన్కనే గద. గల్లీ దాటితె ఇల్లు. హైవే మీదికి ఎందుకొచ్చిన్రు?"

చంద్రప్ప ఒక గుటక తాగాడు. "దగ్గరి తొవ్వల పోతె హ్యాండ్లింగ్ విలువ ఏం తెలుస్తది సాయన్నా? నేను కోహీర్ మీదికెళ్ళి తిప్పించిన."

గురులింగప్ప నవ్వు ఆపుకోలేక పొయ్యి వైపు తిరిగాడు. దేవమ్మ మాత్రం నవ్వలేదు. ఆమెకు కావలసింది వేరు.

"మరి ఆ చార్జీ తీసేసిన్రా అన్నా?"

"ఆగు చెల్లె, గాడికే వస్తున్న."

రోడ్డవతల షట్టర్ పూర్తిగా లేచింది. ఎవరో బండ్లను ఒక్కొక్కటే బయటికి తెచ్చి వరుసగా నిలబెడుతున్నారు. దేవమ్మ చీర కొంగు సర్దుకుని లేవబోయింది. "తెరిచిన్రు. పోదామా?"

"తెరవంగనే పోవద్దు చెల్లె. పొద్దుపొద్దున పోతె మనకు గరజు, తొందర ఉన్నదని సమజ్ చేసుకుంటరు. ఊడ్చుకోనియ్యి, అగరొత్తులు ముట్టించుకోనియ్యి. గురులింగప్పా, ఇంకో చాయ్ పోయి. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

దేవమ్మ మళ్ళీ కూర్చుంది.

"బండిని మళ్ళ మోసుకోని వాపస్ తెచ్చిన్రు, ఎందుకంటె కాయితం ఇంక సగం గూడ కాలె. రెండో చార్జీ కోటింగ్. 'ఇది చేయిస్తె సార్, బండి మీద దుమ్ము నిలవది, నీళ్ళు నిలవయ్, ఏదైనా జారిపోతది' అన్నడు మదన్‌మోహన్. 'చూపియ్యి' అన్న. కోటింగ్ ఏసిన బండి తెచ్చిన్రు. చెప్పద్దా, మంచిగ మెరుస్తున్నది. గంతల ఒక ఈగ వచ్చి వాలింది. జర్రున జారింది. దాన్ని పట్టుకుందామని ఇంకో ఈగ వచ్చింది, గది గూడ జారింది. మదన్‌మోహన్‌కు మస్తు ఖుషీ అయింది. 'చూసిన్రా సార్' అనుకుంట వయ్యారంగ ఆ బండి మీద మోచెయ్యి ఆనిచ్చిండు."

"అయ్యో" అన్నాడు సాయన్న, జరగబోయేది తెలిసినవాడిలా.

"అయ్యో అనుకుంటనే పోయిండు! మోచెయ్యి జారింది, మోచెయ్యి ఎన్క మనిషి జారిండు, అద్దం తలుపు తెరిచి ఉండె గాబట్టి సరిపోయింది, మెట్ల మీదికెళ్ళి రోడ్డు మీద పడ్డడు. రెండు లారీల నడిమిట్ల నుంచి సర్రున పోయిండు. చెరుకు బండ్లోళ్ళు ఎడ్లను పక్కకు తోలి తొవ్వ ఇచ్చిన్రు. టై గాలికి జెండ లెక్క లేస్తున్నది. ఆపుదామంటె ఎవ్వల చేతికి దొరకడు, చెయ్యేస్తె చెయ్యి గూడ జారుతున్నది. గట్ల పోయి పోయి కర్ణాటక బార్డర్ కాడ తేలిండు. ఆడ ఉన్నోళ్ళు ఆపి 'ఎల్లిగె హోగ్తీరి?' అన్నరట."

"ఎక్కడికి పోతున్నరని" అన్నాడు గురులింగప్ప, తన ఇంటి భాష వచ్చేసరికి ఉండబట్టలేక.

"గదే. ఈయనకు కన్నడం రాదాయె. 'కోటింగ్, కోటింగ్' అంటడట. వాళ్ళు అదేదో ఊరి పేరనుకోని, 'ఇంకా ముందలికి పోవాలె' అని ఒక్క తోపు తోసిన్రు."

ఈసారి దేవమ్మ కూడా నవ్వింది. నవ్వి, వెంటనే నవ్వు తుడిచేసుకుని అడిగింది. "అన్నా, నాకు మోపెడ్‌కు ముందల ఇనుప జాలి, ఎన్క పెట్టె, సీటుకు కవరు, గివన్ని తప్పకుంట కొనాలె అన్నరు. అవి లేకుంటె బండే ఇయ్యరంట. అప్పుడు నేనేం అనాలె? నాకు గా మాట చెప్పు, నేను యాది పెట్టుకుంట."

చంద్రప్ప చేయి ఊపాడు. "నువ్వేం అనకు. నన్ను చూసిన్రంటె చాలు. ప్రవీణ బండికి గూడ గదే లొల్లి. కిట్ కంపల్సరీ అన్నడు సేల్స్ ఆయన. తీసెయ్యి అంటె, 'సార్, నేను తీసేద్దామన్నా సిస్టం తీస్కోదు' అన్నడు. సిస్టం అంటె ఎవ్వరు? ఆ కంపూటర్. 'ఆయనతోని నేను మాట్లాడుత' అన్న. అందరు నవ్విన్రు. నేను కౌంటర్ లోపలికి పోయి కంపూటర్ ముందల కూసోని, మెల్లగ చెప్పిన. 'నాయినా, నువ్వు చదువుకున్నోనివి, నీకు లెక్క వస్తది. బండికి నాలుగు పైసల రబ్బరు చాపలు ఎందుకు కంపల్సరీ? నీ మనసు మీద చెయ్యేసుకోని చెప్పు' అన్న. గంతే! తెర మీద నీళ్ళు!"

"నీళ్ళా?"

"ఏడ్చింది సాయన్నా. మిషిన్ అయితేంది, దానికి గూడ ఎంతకాలం అబద్ధం ఆడాలె? ఏడ్చి ఏడ్చి, ఇగ తట్టుకోలేక, ఇన్నేండ్ల సంది ఎవ్వలెవ్వల దగ్గర ఉత్త పేర్లు చెప్పి ఎంతెంత గుంజిన్రో అంత అచ్చు కొట్టుడు షురూ చేసింది. కాయితం బయటికి వస్తనే ఉన్నది. కౌంటర్ నిండింది, హాల్ నిండింది, తలుపుల నుంచి రోడ్డు మీదికి పాకింది. అటు కోహీర్ దాక పోయింది, ఇటు రాయికోడ్ దాక పోయింది. పొలాలల్ల పని చేసేటోళ్ళు నాగళ్ళు ఆపి, గట్ల మీద నిలబడి కాయితంల వాళ్ళ వాళ్ళ పేర్లు చదువుకున్నరు. చదివినోడు చదివినట్టే ట్రాక్టర్ ఎక్కిండు. సాయంత్రానికి షోరూం ముందల ట్రాక్టర్లే ట్రాక్టర్లు. జాతరకు గూడ అంత మంది రారు. అందర్ని నేనే ఆపిన. 'లొల్లి వద్దు, లైన్ల నిలబడుర్రి' అన్న. నిలబడ్డరు."

"నేను గూడ ఆ దినం ఆటో ఈడనే నడిపిన చంద్రప్పా" అన్నాడు సాయన్న మెల్లగా. "నాకు ఒక్క ట్రాక్టర్ కనపడలె."

"నువ్వు మీటర్ చూసుకుంటుంటివి, ట్రాక్టర్లు ఏం కనపడతయ్?"

"నా ఆటోకు మీటరే లేదు."

"గందుకే మరి!" అని చంద్రప్ప అదే ఊపులో ముందుకు పోయాడు. ఇప్పుడాయన కాళ్ళు కిందికి దిగాయి, చేతులు గాల్లోకి లేచాయి. చాయ్ తాగిపోదామని వచ్చిన వాళ్ళు కూడా గ్లాసులు పట్టుకుని చుట్టూ చేరారు. "ఆ తర్వాత ఏమైందో తెలుసా? మీద చప్పుడు. చూద్దును గద, హెలికాప్టర్! కంపెనీ పెద్దసారే దిగిండు. ఈ ట్రాక్టర్ల ఫొటోలు ఆడిదాక పోయినయన్నట్టు. యాడ దిగిండు? షోరూం ఎన్క నా అల్లం చేన్ల."

"నీకు అల్లం చేను ఎప్పుడున్నది?" అన్నాడు గురులింగప్ప.

"కౌలుకు పట్టిన. నడ్మ మాట్లాడకు. పెద్దసార్ వచ్చి నాకు చెయ్యి ఇచ్చిండు. నేను చెయ్యియ్యలె. జేబుల నుంచి కాయితం తీసిన, తోక ఉన్న కాయితం, నేను గూడ ఒకటి తయారు చేసిన. 'సార్, ముందుగాల మీరు దిగిన చార్జీ కట్టుర్రి' అన్న. 'ఏం చార్జీ?' అన్నడు. 'హెలికాప్టర్ దిగుడు చార్జీ. దుమ్ము లేపిన చార్జీ. మీ రెక్కల నీడ నా అల్లం మీద పడ్డది, నీడ చార్జీ. మా కోళ్ళు బెదిరినయ్, కోళ్ళ పరేషాన్ చార్జీ' అన్న. ఆయన నవ్వి, 'ఇవన్ని ఏంది చంద్రప్పా, ఎక్కడన్న ఉన్నయా గివి?' అన్నడు. నేను నిమ్మలంగ చెప్పిన. 'నేను తీసేద్దామన్నా మా చేను సిస్టం తీస్కోదు సార్.'"

చుట్టూ ఉన్నవాళ్ళు గొల్లున నవ్వారు. ఎవరో ఈల కూడా వేశారు.

"కట్టిండా మరి?"

"కట్టకపోతె హెలికాప్టర్ లేస్తదా? నేను దాని తోకకు ఎడ్ల పలుపు కట్టిన గద! ఆయన నా భుజం మీద చెయ్యేసి అన్నడు, 'చంద్రప్పా, ఇంత తెలివి ఉన్నోనివి బయట ఎందుకు, ఈ షోరూం నువ్వే తీస్కో' అని. నేను వద్దన్న. నాకు గా టై నడవది. కంపెనీ మొత్తానికి ఆర్డర్ ఏసిండు, ఇగ దేశంల యాడ గూడ చంద్రప్పను అడగకుంట ఒక్క చార్జీ పెట్టొద్దని. గది చెల్లె సంగతి. ఇప్పుడు నువ్వు నాతోని లోపలికి వస్తె, వాళ్ళు నీ కాళ్ళు కడిగి..."

హోటల్ ముందు ఒక స్కూటర్ వచ్చి ఆగింది.

కొత్త బండి. నడుపుతున్నది సాల్మన్ బిడ్డ ప్రవీణ. భుజానికి బ్యాగు, కాళ్ళ దగ్గర ప్లాస్టిక్ చుట్టిన ఇనుప కడ్డీల సామాను ఒకటి అడ్డంగా పెట్టుకుని ఉన్నది.

"కాకా! ఈడున్నవా? మీ ఇంటికి పొయ్యొచ్చిన" అన్నది ఆ అమ్మాయి హెల్మెట్ తీస్తూ.

చంద్రప్ప ఠక్కున లేచాడు. "డ్యూటీకి లేటయితది బిడ్డా. పో, పో. మాపటికి మాట్లాడుకుందాం."

"ఇయ్యాల మధ్యాహ్నం డ్యూటీ కాకా. నిమ్మలమే." ఆమె ఆ ఇనుప సామాను దింపి తెచ్చి బల్లకు ఆనించింది. "గిది ఇద్దామని వచ్చిన. నిన్న సర్వీస్‌కు పోతె షోరూంవాళ్ళు నా చేతికిచ్చిన్రు. 'మీ కాక కొని ఈడనే మర్చిపోయిండు, తీస్కపో' అని."

సాయన్న వంగి చూశాడు. "ఏంది బిడ్డా గిది?"

"లెగ్ గార్డ్. మోటర్‌సైకిల్‌కు ముందల బిగిస్తరు. బండి పడితె కాళ్ళకు దెబ్బ తగలకుంట."

"మోటర్‌సైకిల్‌కా?" గురులింగప్ప పొయ్యి వదిలి బయటికి వచ్చాడు. "చంద్రప్పకు సైకిలే గద ఉన్నది!"

ఆ మాటకు లేచిన నవ్వుకు పక్క దుకాణంవాళ్ళు కూడా తలలు బయటపెట్టి చూశారు. చంద్రప్ప ఖాళీ గ్లాసు ఎత్తి, లోపల ఏదో ఉన్నట్టు దానిలోకి చూస్తూ కూర్చున్నాడు.

"ఇదెట్ల కొన్నడు బిడ్డా?" అన్నాడు సాయన్న కళ్ళు తుడుచుకుంటూ.

ప్రవీణ చంద్రప్ప వైపు చూసింది. చెప్పాలా వద్దా అని ఆలోచించింది గాని, ఆమెకూ నవ్వు ఆగడం లేదు. "కాక కుర్చీల కూసోంగనే ఆ సేల్స్ ఆయన 'పెద్దసార్, మీ అసుంటోళ్ళు మా షోరూంకు రావుడే మా అదృష్టం' అన్నడు. చల్లటి బాటిల్ తెచ్చిచ్చిండు. ఇగ కాక మాతోని, 'మనోడే బిడ్డా, మంచోడు, అడిగినంత ఇచ్చెయ్యుర్రి' అన్నడు. మేము లెక్క చూసుకుంటుంటె, ఆయన కాకను పక్కకు తీస్కపోయిండు. ముందుముందు బండి కొంటె పనికొస్తదట, రేపటి సంది రేటు పెరుగుతదట. చూస్తె చేతిల గిది ఉన్నది."

"మరి మేనేజర్ కర్ణాటక దాక జారిండంట గద?" అన్నాడు గురులింగప్ప.

"మేనేజరా? ఎవ్వలు, మదన్‌మోహన్ సారా? ఆయన ఆ దినం రానేలె. సెలవుల ఉండె."

"ఎట్లొస్తడు బిడ్డా" అన్నాడు సాయన్న గంభీరంగా. "ముందటి దినమే జారి ఉంటడు."

మళ్ళీ నవ్వులు. ఆ నవ్వుల్లో దేవమ్మ గొంతు లేదు. ఆమె చంద్రప్ప వైపే చూస్తున్నది.

"నిన్నటి సంది నిన్నే నమ్ముకోని ఉన్న అన్నా" అన్నది. గట్టిగా అనలేదు. అయినా నవ్వేవాళ్ళు ఆగిపోయారు. "బేరం ఇంకోలకు అప్పజెప్పి వచ్చిన. నువ్వుంటె ఆడ ఎవ్వలు నన్ను గా మాట అనరనుకున్న."

చంద్రప్ప గ్లాసు పక్కన పెట్టాడు. ఇంతవరకు ఆ బల్ల మీద ఎవరూ వినని చిన్న గొంతుతో అన్నాడు. "నిన్ను పరేషాన్ చెయ్యాలని కాదు చెల్లె. ఈడ కూసుంటె ఎన్ని మాటలన్న వస్తయ్. ఆడ గా మెత్తటి కుర్చీల కూసోబెట్టి 'సార్' అన్నరంటె, ఇగ నాకు కాదనుడు రాదు."

దేవమ్మ ప్రవీణ వైపు తిరిగింది. "అయితె చార్జీలు మాఫ్ కాలేదా బిడ్డా? అది గూడ ఉత్తదేనా?"

"అయినయ్ అత్తా. అన్ని కావు, కొన్ని."

"ఎవ్వలు చేయించిన్రు?"

"నేనే అడిగిన. ఏది దేనికో చెప్పమన్న. ప్రతిదానికి 'అందరు ఇస్తరు మేడం' అంటడు. 'అందరి సంగతి నాకెందుకు, నేనెందుకియ్యాలెనో చెప్పు' అన్న. హ్యాండ్లింగ్ అని రసీదుల రాసి ముద్రేసి ఇయ్యి, ఇస్త అన్న. రాయలె. ఇన్సూరెన్స్ బయట చేయించుకుంట అన్న. కిట్ వద్దంటె సిస్టం తీస్కోదన్నడు. అయితె బండే వద్దని నేను మా నాయిన లేచినం. తలుపు కాడికి పోయేసరికి సిస్టం తీస్కున్నది."

"గంతేనా?" దేవమ్మ నమ్మలేనట్టు అడిగింది. "లేచి వస్తె సాలా?"

"వస్తె సాలదత్తా, నిజంగ వచ్చెయ్యనీకి తయారుండాలె. నాకైతె భయమైంది. రోజు నౌకరికి పోవాలె, బండి లేకుంటె ఎట్ల అని. మ్యాట్లు ముందే బిగిచ్చేసిన్రు, వాటికి ఇయ్యక తప్పలె. ఆ కోపానికి బండి గూడ లేటుగ ఇచ్చిన్రు. నాలుగు దినాలు మళ్ళ బస్సుకే పోయిన."

దేవమ్మ రోడ్డవతల వరుసగా నిలబెట్టిన బండ్ల వైపు చూసింది. మొన్న ఆమె కూడా లేచి వచ్చేసింది. అది ఓడిపోయి రావడం అనుకున్నది ఇంతవరకూ. అదే అసలు పని అని ఎవరూ చెప్పలేదు.

"మొన్న నేను గూడ సంతకం పెట్టకుంట లేచొచ్చిన బిడ్డా" అన్నది.

"అయితె నీకు వచ్చినట్టే అత్తా. ఇంకేం కావాలె?"

దేవమ్మ కొంగు నడుముకు బిగించింది. "నువ్వు ఒక్కసారి నా పక్కన నిలబడతవా? నేనే అడుగుత. నువ్వు ఉత్తగ నిలబడు."

"నడువు. డ్యూటీకి ఇంక మస్తు టైం ఉన్నది."

ఇద్దరూ రోడ్డు దాకా వెళ్ళారు. లారీలు పోయే దాకా ఆగినప్పుడు దేవమ్మ వెనక్కి తిరిగి చూసింది. చంద్రప్ప బల్ల మీద అలాగే కూర్చుని ఉన్నాడు. గురులింగప్ప అడగకుండానే ఆయన ముందు ఇంకో చాయ్ పెట్టాడు. ఆయన దాన్ని ముట్టలేదు.

దేవమ్మ గట్టిగా పిలిచింది.

"అన్నా! లే, రా."

"నేనెందుకు చెల్లె ఇంక?"

"నీతోని పనున్నది. లోపలికి పోంగనే ఆ మెత్తటి కుర్చీల కూసో. కూసోని గా హెలికాప్టర్ ముచ్చట షురూ చెయ్యి. సేల్స్ ఆయన, మేనేజర్, అందరు నీ నోరు చూసుకుంట కూసోవాలె. మొన్న వాళ్ళు మాట్లాడి మాట్లాడి నన్ను కాయితం చూడనియ్యలె. ఇయ్యాల వాళ్ళు వింటుండాలె, మేము చూసుకుంటం."

చంద్రప్ప ముఖం మెల్లమెల్లగా వెలిగింది. అంగీ గుండీలు పెట్టుకున్నాడు, జుట్టు వెనక్కి దువ్వుకున్నాడు. చాయ్ ఒక్క గుక్కలో తాగి, సాయన్న వైపు చూడకుండా బల్ల దిగి, రోడ్డు దగ్గరికి పరుగులాంటి నడకతో వచ్చేశాడు.

"అయితె చెల్లె, మేనేజర్ ఉంటె గా జారిన ముచ్చట వద్దు, బాగుండది. మోసుకపోయింది చెప్త. అండ్ల ఏనుగును గూడ కలుపనా?"

"నీ ఇష్టం అన్నా, ఏమన్న కలుపు, ఎంతన్న చెప్పు" అన్నది దేవమ్మ, రోడ్డు దాటుతూ. "ఈసారి ఏమి కొనకుంట రా. గంతే సాలు."